నీళ్ళతో వేసిన లెక్కలు

ఆ రోజు ఆ ఇంట్లో గొడవ చెంచాడు నీళ్ళ దగ్గర మొదలైంది. భోజనాల బల్ల మీద, కిటికీ వైపు మూల, అరచేతి మేర తడి.

“మళ్ళీనా?” అంది లెక్కలావిడ, పొడిగుడ్డ చేత పట్టుకుని. “గ్లాసు కింద పళ్ళెం పెట్టుకోమని ఎన్నిసార్లు చెప్పాలండీ? పాలిష్ పెట్టించి ఏడాది తిరగలేదు, అప్పుడే ఇక్కడ తెల్లగా పొర లేస్తోంది.”

“నేనివాళ బల్ల దగ్గరికే రాలేదు,” అన్నాడు భర్త, డ్యూటీ చొక్కా గుండీలు పెట్టుకుంటూ. “నిలబడి తాగాను.”

“నిలబడి తాగితే మోకాళ్ళలోకి దిగుతాయని చెప్పానా?”

“అది చెప్పింది మా అమ్మ.”

“మధ్యలో నన్నెందుకు లాగుతావురా?” అని గదిలోంచి అత్తగారి గొంతు. “నేను సీసాతో తాగుతాను. ఆ బల్ల దాకా రావాలంటే నాకు ఓ పూట ప్రయాణం.”

“మరి ఎవరు పోశారు? బల్లకి చెమట పట్టిందా?”

“పడుతుంది మరి. నీ ముందు నాలుగు కాళ్ళ మీద నిలబడాలంటే దేనికైనా చెమట పడుతుంది,” అన్నాడు భర్త. గదిలో అత్తగారు కిసుక్కున నవ్వింది. లెక్కలావిడ నవ్వలేదు. ఆ మూల మూడుసార్లు తుడిచి, వంగి వెలుతురుకి అడ్డంగా చూసి, నాలుగోసారి తుడిచింది. ఇది వారంలో రెండోసారో మూడోసారో. నీళ్ళు పోసిన మనిషి మాత్రం దొరకడం లేదు.

భర్త బస్సు డిపోలో టైమ్ కీపరు. ఏ బస్సు ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు వెళ్ళింది అనేది రాసే పని. ఇంట్లో తను ఎప్పుడు వస్తున్నాడు, ఎప్పుడు వెళ్తున్నాడు అనేది రాసేవాళ్ళు వేరే ఉన్నారని అతని హాస్యం. లెక్కలావిడ అన్న పేరు కూడా మొదట అతను పెట్టిందే. తరవాత వీధంతా అంటుకుంది. పెళ్ళికి ముందు ఆమె కాలేజీలో లెక్కలు చదివింది. ఉద్యోగం చెయ్యలేదు. ఆ చదువంతా ఇంట్లోనే ఖర్చవుతోంది. తువ్వాళ్ళు అంచుకి అంచు కలిసి మడత పడాలి. ఏ డబ్బా మూత ఆ డబ్బాకే ఉండాలి. అలాగని కేకలేసే మనిషి కాదు. పక్కన నిలబడి మళ్ళీ చేయిస్తుంది, అంతే. అంతకన్నా కేకలే నయమంటాడు భర్త.

ఆ పూట ఆమెకు ఓపిక తక్కువగా ఉండడానికి కారణం ఉంది. బడి నుంచి ఫోను వచ్చింది. పిట్టను తీసుకుని పెద్దమేడం గారిని కలవమన్నారు.

పిట్ట పై వాటాలో అద్దెకుండే అమ్మాయి. పదహారేళ్ళు. మూడేళ్ళ కిందట తల్లితో కలిసి సముద్రం అవతలి దేశం నుంచి వచ్చింది. అక్కడ వాళ్ళ ఊళ్ళో బళ్ళు మూతపడ్డాయి, తరవాత ఒక్కొక్కటే మిగతావన్నీ మూతపడ్డాయి. తల్లి ఇక్కడో పెద్ద హోటల్ లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. అమ్మాయి అసలు పేరుకి నోరు తిరగక, మొదటి వారంలోనే అత్తగారు పిట్ట అని పెట్టేసింది. మెట్లు ఎగురుతూ దిగుతుందనీ, గింజలు ఏరుకున్నట్టు తింటుందనీ. మన మాటలు కూడా ఆవిడ మంచం పక్కన కూర్చునే నేర్చుకుంది. అందుకని పదహారేళ్ళ పిల్ల నోట్లోంచి ఉన్నట్టుండి “ఏం చెయ్యను నాయనా, కాలం అలా ఉంది” లాంటి మాటలు వచ్చి పడేవి. ఆంటీ అనబోతే “ఆంటీ ఏమిటే, అత్తా అను” అని దిద్దింది కూడా ఆవిడే.

పిట్ట చదువు లెక్కలావిడ మెడకి ఎలా చుట్టుకుందంటే, ఎవరూ చుట్టలేదు. ఓ రోజు పిట్ట తల్లి మెట్ల మీద ఆపి, చేత్తో పుస్తకం తెరిచినట్టు చూపించి, కూతురి వైపు చూపించి, రెండు చేతులూ తిప్పి “ఎక్కడ?” అన్నట్టు అడిగింది. లెక్కలావిడ కూతురు అప్పటికే హాస్టల్‌కి వెళ్ళిపోయింది. ఇంట్లో ఓ బల్లా, ఓ కుర్చీ, సాయంత్రం ఓ గంటా ఖాళీగా ఉన్నాయి. సరే కనుక్కుంటానంది. ఆ కనుక్కోవడం ఏడాది పట్టింది.

ఒక ఆఫీసులో, పాత బడి నుంచి కాగితం తెమ్మన్నారు. ఆ బడే లేదంటే, లేదని ఆ బడి వాళ్ళ చేతే రాయించుకురమ్మన్నారు. ఇంకో ఆఫీసులో వయసు ఎక్కువంది ఒకావిడ, వయసు తక్కువన్నాడు పక్క కుర్చీలో ఆయన, ఒకే పిల్లను చూసి. ఎండలో, క్యూల్లో, లిఫ్టు పనిచెయ్యని మేడల మెట్ల మీద లెక్కలావిడకి నడుం పట్టేసింది. ఆఖరికి వీధి చివర ఉన్న ఆడపిల్లల బడివాళ్ళు, పరీక్ష పెడతాం, నెగ్గితే పదో తరగతిలో కూర్చోబెడతాం అన్నారు. పోయిన వారమే పిట్ట ఆ పరీక్ష రాసి వచ్చింది. వయసు లెక్క ప్రకారం పిట్టకి ఇదే ఆఖరి ఏడు. ఇప్పుడు కాకపోతే ఏ బడీ తీసుకోదు.

తీసుకోకపోతే ఏమవుతుందన్నది కూడా అందరికీ తెలుసు. లాండ్రీలో ఒక చోటు ఖాళీ ఉంది. ఒకటో తారీకు నుంచి పిల్లను పంపమని సూపర్‌వైజరు పిట్ట తల్లితో చెప్పి ఉంచాడు.

ఆ ఏడాదంతా సాయంత్రాలు లెక్కలావిడ పిట్టను చదివించిన తీరు కూడా తువ్వాళ్ళు మడతపెట్టే తీరులోనే సాగింది. ఎర్ర పెన్ను ఒకటి కొంది. పిట్ట మొదట్లో భాగహారం వేస్తే చూడ్డానికి తలకిందులుగా ఉండేది. ఎడమవైపు ఉండాల్సింది కుడివైపు, పైన ఉండాల్సింది కింద. చుక్క పెట్టాల్సిన చోట కామా. పాపం చదువు ఆగిపోయిన పిల్ల కదా, మర్చిపోయి ఉంటుందనుకుంది. ఎర్రగా అడ్డంగా గీసి, “ఇలా కాదమ్మా, చూడు” అని మన పద్ధతిలో వేసి చూపించేది. పిట్ట ఆ పద్ధతిలో వేస్తే అంకెలు వంకరపోయేవి. అంకె కింద అంకె పడలేదంటే లెక్కలావిడ లెక్కంతా కొట్టేసి మళ్ళీ మొదటి నుంచి వేయించేది. “సరే అత్తా” అనేది పిట్ట. ఎప్పుడూ ఎదురుచెప్పలేదు.

ఓ రెండు నెలలు గడిచాక పిట్ట స్టెప్పులు రాయడం మానేసి, జవాబు ఒక్కటే రాయడం మొదలుపెట్టింది. జవాబులన్నీ సరిగ్గా ఉండేవి. లెక్కలావిడ పొంగిపోయింది. “పిల్లకి లెక్కంతా మనసులోనే అయిపోతోందండీ,” అని భర్తతో చెప్పింది, పక్కింటావిడతో చెప్పింది, చివరికి పాలు పోసే మనిషితో కూడా చెప్పింది. ఎర్ర పెన్నుకి పని తగ్గింది. ఈ సీటొక్కటి చేతికొస్తే ఇక సాయంత్రాలు కిటికీ తెరుచుకుని ఓ గంట నడుం వాల్చాలని ఎన్నాళ్ళ నుంచో అనుకుంటోంది ఆమె. పెద్ద కోరికేం కాదు. గంట. ఎవరూ పిలవని గంట.

*

పెద్దమేడం గదిలో పైకప్పు కారుతోంది. మూల బకెట్ పెట్టారు. ఆవిడ బల్ల కింద చెప్పులు విప్పేసి, వాచిన పాదాలు నేల మీద ఆనించి కూర్చుని ఉంది.

“ఇరవై లెక్కలిచ్చాం,” అంది. “ఇరవై కరెక్టు.”

లెక్కలావిడ మొహం విప్పారింది. పిట్ట మాత్రం నేల చూపులు చూస్తోంది.

“అదేనమ్మా నా బాధ. ఒక్కదానికైనా స్టెప్పు లేదు. చిత్తు పనికి విడిగా కాగితం ఇచ్చాం. ఇచ్చింది ఇచ్చినట్టు తెల్లగా తిరిగొచ్చింది.”

“మనసులో చేస్తుందండీ. ఇంట్లోనూ అంతే.”

“దశాంశాల భాగహారాలు మనసులోనా? నా సర్వీసంతా లెక్కలు చెప్పడంతోనే గడిచింది. నాకు రాదు. మీకొచ్చా?”

లెక్కలావిడకి రాదు. ఆ సంగతి ఇప్పటిదాకా తనని తను అడగలేదు.

“పక్క బెంచీ పిల్లవి కూడా ఇవే జవాబులు,” అంది పెద్దమేడం.

“సరైన జవాబు ఎవరికైనా ఒకటే వస్తుంది కదండీ.”

“వస్తుంది. కాని ఆ పిల్ల స్టెప్పులు వేసింది.” ఆవిడ ఓ కాగితం ముందుకు తోసి, చేతిలో ఉన్న పెన్ను పిట్టకి అందించింది. “ఇక్కడే ఒకటి చెయ్యమ్మా. భయపడకు.”

అది ఎర్ర పెన్ను. పేపర్లు దిద్దుతూ ఉందేమో ఆవిడ. పిట్ట పెన్ను పట్టుకుని లెక్కలావిడ వైపు చూసింది. లెక్కలావిడ అలవాటు కొద్దీ కుర్చీలోంచి లేచి, పిల్ల భుజం వెనక నిలబడింది. ధైర్యం చెప్తున్నాననే అనుకుంది. పిట్ట మన పద్ధతిలో మొదలుపెట్టింది. ఒక అంకె దిగింది. రెండో అంకె పక్కకి జారింది. అది చూసుకుని కొట్టేసింది. మళ్ళీ మొదలుపెట్టింది, మళ్ళీ కొట్టేసింది. బకెట్‌లో నీళ్ళు చుక్క చుక్కా పడుతూ ఉన్నాయి. చివరికి పెన్ను మూత పెట్టి బల్ల మీద జాగ్రత్తగా ఉంచేసింది.

“చూశారుగా,” అంది పెద్దమేడం. గొంతులో కోపం లేదు. పొద్దుటి నుంచి ఇలాంటివి ఎన్నో చూసిన గొంతు. “దొంగతనం అంటగట్టి పంపను. సీటు మాత్రం ఇవ్వలేను. రేపటితో అడ్మిషన్లు మూసేస్తున్నాం.”

ఇంటికి బయల్దేరారు. దారి పొడవునా ఎండ. దుకాణాల ముందు జనం. లెక్కలావిడకి చెప్పుల్లో కాళ్ళు బరువుగా తోచాయి. ఎప్పుడూ ముందు ఎగురుతూ నడిచే పిల్ల వెనకెక్కడో వస్తోంది.

“ఏమైందమ్మాయ్?” అంది అత్తగారు గుమ్మంలో అడుగు పెట్టీ పెట్టకముందే.

“ఏమీ కాలేదు. అదే అయింది,” అంది లెక్కలావిడ.

పిట్ట పైకెళ్ళి, తన పుస్తకాలన్నీ దారంతో కట్టి తెచ్చి బల్ల మీద పెట్టింది. దారం ముడి సరిగ్గా మధ్యలో ఉంది. ఆ మాట కూడా లెక్కలావిడ నేర్పిందే, ముడి మధ్యలో పడాలని.

“నిజం చెప్పు,” అంది లెక్కలావిడ. అడగకూడదని దారంతా అనుకుంటూనే వచ్చింది, అయినా అడిగేసింది. “చూసి రాశావా?”

పిట్ట మొహంలో రంగు పోయింది. “లేదు అత్తా.”

“మరెలా వచ్చాయి? నాకు చెప్పు. ఏడాది నుంచి నీ పక్కన కూర్చుంటున్నాను, నాకైనా చెప్పు.”

పిట్ట కిటికీ వైపు కుర్చీ లాక్కుని కూర్చుంది. గ్లాసులో వేలు ముంచింది. బల్ల మీద, సరిగ్గా ఆ తెల్లపొర లేచిన మూలలోనే, తడి వేలితో తొమ్మిది వందల యాభై రెండు వేసింది. దానికి కుడివైపున నిలువు గీత. గీత అవతల ఏడు. ఏడు కింద అడ్డగీత. ఆ గీత కింద ఒకటి, తరవాత మూడు, తరవాత ఆరు. ఎడమవైపు కిందకి ఇరవై అయిదు, నలభై రెండు, సున్నా. తీసివేతలెక్కడా వెయ్యలేదు. అవి మాత్రం మనసులో చేసేసి, మిగిలింది మిగిలినట్టు కింద పెట్టుకుంటూ పోయింది. వేలు ఎక్కడా ఆగలేదు. సున్నా వేసేసరికి పైన తొమ్మిది ఆరిపోవడం మొదలైంది.

లెక్కలావిడ ఒక అంకె వెనక ఒక అంకె పట్టుకుని చదివింది. ఏడు ఒకట్ల ఏడు, తొమ్మిదిలో పోతే రెండు. అయిదు దించితే ఇరవై అయిదు. ఇరవై ఒకటి పోతే నాలుగు. రెండు దించితే నలభై రెండు. నూట ముప్పై ఆరు. లెక్క సరిగ్గా ఉంది. ఎక్కడా తప్పు లేదు. ఆమె ఎర్రగా అడ్డంగా గీసిన మొట్టమొదటి లెక్క కూడా ఇలాగే ఉంది. ఆ రోజు జవాబు దాకా చదవనే లేదు. గీత అటు ఉండాల్సింది ఇటు ఉందని చూసి కొట్టేసింది.

“ఇలా ఎవరు నేర్పారు?”

“మా బళ్ళో. అక్కడ అందరం ఇలాగే వేస్తాం. మా అమ్మ కూడా ఇలాగే.”

“మరి నాకెందుకు చెప్పలేదే?”

“మీరు ఎర్రగా కొట్టారు కదా,” అంది పిట్ట, అదేదో అందరికీ తెలిసిన సంగతే అయినట్టు. “మీ పద్ధతిలో వేస్తే వంకర పోతోంది, అదీ కొట్టేశారు. జవాబు మటుకే రాస్తే కొట్టలేదు. అప్పటి నుంచి మీరు వంటింట్లోకి వెళ్ళినప్పుడు నీళ్ళతో వేసుకుంటున్నా. ఆరిపోతుంది కదా.”

“పరీక్షలో నీళ్ళెక్కడివి?”

“ఊరికే వేలితో. డెస్కు మీద.” తడి వేలు తుడుచుకుని, “పొద్దున్న కూడా నేనే అత్తా. మామ్మకి మందిచ్చాక భయమేసింది. భయమేస్తే లెక్క వేసుకుంటా. పాపం మామయ్యని తిట్టారు,” అంది.

లెక్కలావిడ పొడిగుడ్డ కోసం చెయ్యి చాచబోయి ఆగింది. బల్ల మీద అప్పటికి ఏడూ, సున్నా మాత్రమే మిగిలి ఉన్నాయి.

గదిలోంచి అత్తగారు, “నాకు తెలుసే అమ్మాయ్, అది వేలు తడుపుకుంటుందని,” అంది. “ఆటలాడుకుంటోందనుకున్నా.”

“చెప్పొచ్చు కదత్తయ్యా!”

“చెప్తే నువ్వు ఆట మాన్పించి లెక్కలు వేయిస్తావని చెప్పలేదు.”

సాయంత్రం పిట్ట తల్లి పని నుంచి వచ్చి, పైకి వెళ్ళకుండా నేరుగా కిందికే వచ్చింది. ఇస్త్రీ వేడికి వేళ్ళ చివర్లు గట్టిపడి మెరుస్తుంటాయి ఆమెవి. కూతురు వాళ్ళ భాషలో ఏదో చెప్పింది. ఆమె విని, తల ఊపి, లెక్కలావిడ చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. “చాలు,” అంది తనకి వచ్చిన నాలుగు మాటల్లోంచి ఒకటి తీసి. “మీరు చాలా. చాలు.” తరవాత దుప్పటి మడతపెట్టినట్టు చేతులు చూపించి, పిట్ట వైపు చూపించి, నవ్వబోయింది. ఆ నవ్వు సగంలోనే ఆగింది.

ఆ కృతజ్ఞత లెక్కలావిడకి తిట్టినదానికన్నా బరువుగా తగిలింది. భర్త డిపో నుంచి వచ్చాక సంగతంతా చెప్పింది.

“నువ్వు చెయ్యగలిగింది చేశావు,” అన్నాడు అతను. “ఇంక వదిలెయ్. చూడు నీ మొహం ఎలా పీక్కుపోయిందో.”

“చెయ్యగూడనిది కూడా నేనే చేశాను. దాన్నెలా వదిలెయ్యను?”

*

మర్నాడు మళ్ళీ అదే గది, అదే బకెట్. పెద్దమేడం టిఫిన్ డబ్బా తెరుచుకుని, తినకుండా ఎవరితోనో ఫోనులో మాట్లాడుతోంది. వీళ్ళని చూసి, మళ్ళీ మీరా అన్నట్టు నుదురు రుద్దుకుంది.

“తప్పు పిల్లది కాదండీ, నాది,” అంది లెక్కలావిడ. కూర్చోలేదు. నీళ్ళ సంగతి, ఎర్ర పెన్ను సంగతి ఉన్నదున్నట్టు చెప్పింది. తనని కాస్త తగ్గించుకుని చెప్పొచ్చు, కాస్త కప్పిపుచ్చుకునీ చెప్పొచ్చు; రెండూ చెయ్యలేదు. “ఒక్క లెక్క బోర్డు మీద వెయ్యనివ్వండి. దాని పద్ధతిలో. నేను బయట నిలబడతాను.”

“మీరెందుకు బయట?”

“నేను పక్కన ఉంటే దానికి రాదు.”

పెద్దమేడం డబ్బా మూసి పక్కన పెట్టింది. లెక్కలావిడ వరండాలోకి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, గోడకి ఆనుకుంది. లోపల సుద్దముక్క చప్పుడు మొదలైంది. తలుపు సందులోంచి చూడొచ్చు. బోర్డు కనబడుతుంది కూడా. ఆమె మొహం అటు తిప్పి మైదానం వైపు చూస్తూ నిలబడింది. పిల్లలు వరసలు కడుతున్నారు. ఒక వరస వంకరగా ఉంది. మధ్యలో ఒక పిల్ల బయటికి పొడుచుకొచ్చింది. సరిచెయ్యమని ఎవరితోనైనా చెప్పాలనిపించింది. చెప్పలేదు. లోపల సుద్ద ఆగింది. పెద్దమేడం ఏదో అంది. మళ్ళీ మొదలైంది, ఈసారి ఇంకాస్త గబగబా. మళ్ళీ ఆగింది. మూడోసారి మొదలైనప్పుడు లెక్కలావిడ అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయింది.

“రండి లోపలికి,” అని పిలుపు వచ్చేసరికి ఎంతసేపైందో ఆమెకి తెలియలేదు.

బోర్డంతా కుడివైపు గీతలే. పిట్ట చేతులకీ, ముక్కు మీదా సుద్దపొడి.

“నేను ఇచ్చినవన్నీ చేసింది,” అంది పెద్దమేడం. “మొదటి లెక్క చదవడానికి నాకే టైము పట్టింది. పిల్ల కాపీ కొట్టలేదు. అది నేను ఒప్పుకుంటున్నాను.”

లెక్కలావిడ నమస్కారం పెట్టబోయింది.

“కాని వినండి. పబ్లిక్ పరీక్షలో పేపర్లు దిద్దేది నేను కాదు. ఎక్కడో, ఎవరో, కుప్పలు ముందేసుకుని దిద్దుతారు. వాళ్ళు కుడివైపు గీత చూసి మీరు చేసిన పనే చేస్తారు. పిల్ల మన పద్ధతిలో స్టెప్పులు రాయడం నేర్చుకోవాలి. మా లెక్కల టీచరు మూడు సెక్షన్లు చూస్తోంది, ఆమెను ఇంకో మాట అడిగితే ఉద్యోగమే మానేస్తుంది. ఇంటి దగ్గర రోజూ సాయంత్రం ఎవరైనా కూర్చోబెట్టాలి. వంటింట్లోకి వెళ్తూ వస్తూ చెప్పడం కాదు. కుదురుగా కూర్చుని. పరీక్షల దాకా, ఏడాదంతా.”

పిట్ట లెక్కలావిడ వైపు చూడలేదు. చూడకూడదని నిశ్చయించుకున్నట్టు గోడ గడియారం వైపు చూస్తోంది.

“అలా అయితే సీటిస్తాను. ఇప్పుడే చెప్పక్కర్లేదు,” అంది పెద్దమేడం. “మిమ్మల్ని చూస్తే నాకన్నా అలిసిపోయినట్టున్నారు. ఇంట్లో మాట్లాడుకుని రేపు పొద్దున్న ఫోను చెయ్యండి. అప్పటిదాకా సీటు ఆపుతాను.”

బయటికి వచ్చాక, గేటు దగ్గర నీడలో పిట్ట ఆగింది.

“వద్దులే అత్తా.”

“ఏం వద్దు?”

“ఏడాది అంటే ఎక్కువ. మీకు నడుం నొప్పి. కాపీ కొట్టలేదని మేడం చెప్పింది, అది చాలు నాకు. లాండ్రీ ఏమంత కష్టం? దుప్పట్లకి స్టెప్పులుండవు.” అత్తగారి గొంతు అరువు తెచ్చుకుని, “ఏం చెయ్యను నాయనా, రాసిపెట్టి ఉండాలి,” అంది.

మామూలుగా అయితే లెక్కలావిడకి నవ్వొచ్చేది. ఇప్పుడు రాలేదు. కిటికీ తెరుచుకుని పడుకునే గంట గుర్తొచ్చింది. అది గుర్తొచ్చినందుకు సిగ్గేసింది. సిగ్గేసినా అది గుర్తొస్తూనే ఉంది. పిల్ల భుజం మీద సుద్దపొడి దులిపి, “నడు,” అంది.

మధ్యాహ్నమంతా పని చేస్తూనే ఆలోచించింది. బియ్యం ఏరుతూ, బట్టలు తీస్తూ, అత్తగారి మోకాళ్ళకి నూనె రాస్తూ. నేర్పడమంటే చెయ్యగలదు. వంట కూడా చెయ్యగలదు. రెండూ ఒకే సాయంత్రం, ఒకే నడుంతో, ఏడాది పాటు చెయ్యలేదు. ఎటు నుంచి వేసినా ఆ లెక్కకి అదే జవాబు వస్తోంది. పోయిన ఏడాదంతా రెండూ చెయ్యబట్టే పిల్ల పక్కన అరగంట కదలకుండా కూర్చోలేదు. పొయ్యి మీద ఏదో మాడుతుంటే పరిగెత్తేది. ఆ సందులోనే పిల్ల వేలు తడుపుకుంది.

“ఏమిటే, నూనె రాసిన కాలికే రాస్తున్నావు?” అంది అత్తగారు. “రెండో కాలు అలుగుతుంది.”

*

ఆ సాయంత్రం పిట్ట తల్లికి సెలవు. ఇద్దర్నీ కిందికి భోజనానికి పిలిచింది లెక్కలావిడ. అత్తగారు కూడా పూట ప్రయాణం చేసి బల్ల దగ్గరికి వచ్చింది. కట్టిన పుస్తకాలు ఇంకా బల్ల చివరే ఉన్నాయి. వాటిని ఎవరూ తియ్యలేదు. కూర గిన్నె వాటి పక్కనే పెట్టారు. భర్త గ్లాసు కింద పళ్ళెం పెట్టుకుని, అది అందరికీ కనబడేలా కాస్త ముందుకి జరిపాడు.

“గమనించాలి,” అన్నాడు. “నిరపరాధిని.”

ఎవరూ పెద్దగా నవ్వలేదు. పిట్ట మెతుకులు ఏరుతోంది. లెక్కలావిడ అందరికీ వడ్డించి, చివరికి తన కంచంలో వడ్డించుకుని, కూర్చుని, వెంటనే తినకుండా చేతులు బల్ల మీద పెట్టింది.

“రేపటి నుంచి ఈ ఇంట్లో సాయంత్రం వంట నేను చెయ్యను,” అంది.

భర్త చేతిలో ముద్ద చేతిలోనే ఆగింది. “అలిగావా? పళ్ళెం పెట్టుకున్నాను కదా!”

“అలగలేదు.”

“ఒంట్లో బాగాలేదా మరి?”

“అలిసిపోయాను. అది వేరే సంగతి. రేపు పొద్దున్న బడికి ఫోను చేసి సరేనంటాను. చీకటి పడ్డప్పటి నుంచి అన్నాలవేళ దాకా నేనూ పిట్టా ఇక్కడే కూర్చుంటాం. ముందు అది దాని పద్ధతి నాకు చెప్పాలి. అది నాకు చేతికి వచ్చాక, మన పద్ధతి దానికి చెప్తాను. రెండూ కాగితం మీదే. మధ్యలో నన్నెవరూ లేపకూడదు, ఏది మాడినా సరే.”

“మాడడానికి వండేదెవరు?”

“మీరు. డిపో నుంచి మీరొచ్చేసరికి ఇంకా వెలుతురుంటుంది.”

“నేనా? నాకు నీళ్ళు కాచడం కూడా...”

“నిలబడి నీళ్ళు తాగడం వచ్చు కదా. నిలబడి కూర కలపడం కూడా వస్తుంది.”

“నేను మంచం మీంచి చెప్తానులే,” అంది అత్తగారు హుషారుగా. “వాడు చెప్తే చేసే రకమే. ఇన్నాళ్ళూ వాడికెవరూ చెప్పలేదు, అంతే.”

పిట్ట తల ఎత్తింది. “అత్తా, ఎర్ర పెన్ను?”

“పొద్దున్నే మీ మామయ్య సంచీలో పడేశాను. బస్సులకి పెట్టుకోమను. నా ముందు నువ్వు వంకరగా రాసుకో, ఫరవాలేదు. నిటారుగా రాసేదాకా ఊరుకుంటానని మాటివ్వలేను గాని, నోరు మూసుకోవడానికి ప్రయత్నిస్తాను.”

పిట్ట ఆ మాటలన్నీ తల్లికి వాళ్ళ భాషలో చెప్పడం మొదలుపెట్టింది. చెప్తూ చెప్తూ ఒకచోట ఆగిపోయింది. తల్లి కూతురి వీపు మీద చెయ్యి వేసి, మిగతాది తనే ఊహించుకుంది. తరవాత లెక్కలావిడ వైపు తిరిగి పొడుగ్గా ఏదో అంది.

“ఏమంటోంది?” అన్నాడు భర్త.

“నేను ఒకటో తారీకున రానని లాండ్రీలో చెప్పేస్తానంటోంది.” పిట్ట ముక్కు ఎగబీల్చి, “ఇంకా, కూరలు తరగడానికి సెలవు రోజుల్లో తనొస్తానంటోంది. మామయ్యకి భయంగా ఉంటే,” అంది.

“భయం కాదు గాని, ఉప్పు డబ్బా ఏదో ఇవాళే చూపిస్తే మంచిది,” అన్నాడు భర్త. “ఈ ఇంట్లో డబ్బాలన్నీ ఒక్కలాగే ఉంటాయి.”

“చూపిస్తాను,” అంది లెక్కలావిడ కంచం దగ్గరికి లాక్కుంటూ. “ముందు నన్ను తిననివ్వండి.”